డొమితీలా ఇంటి ఆఖరి ఆడకుక్క

డొమితీలా ఫర్రొన్యాన్ కుక్క పేరు చంకాకా, అంటే బెల్లం దిమ్మ. రంగూ అదే, నునుపూ అదే. ఒంటిమీద వెంట్రుకన్నది లేదు, నెత్తిమీద మాత్రం నాలుగు ఎర్రటి పోగులు నిక్కబొడుచుకుని ఉండేవి. నోట్లో పళ్ళు సగమే. చెయ్యి వేస్తే అప్పుడే పొయ్యిమీంచి దించిన కుండలా వెచ్చగా తగిలేది. తూకుమె ఊరి శివారులో, ఆ వీధిలో ఎవరికి మోకాళ్ళు సలిపినా, నడుం పట్టేసినా, ముందు కబురు వెళ్ళేది చంకాకాకే. దాన్ని ఒళ్ళో వేసుకుని, నొప్పి ఉన్నచోట దాని పొట్ట ఆనించుకుని గంటసేపు కూర్చుంటే ఎముకల్లో చలి దిగిపోతుంది. దీనికి డొమితీలా ఎవరి దగ్గరా ఏమీ అడిగేది కాదు. ఒకరు నాలుగు గుడ్లు పంపేవారు, ఒకరు గుమ్మడికాయ చెక్క. సోమవారం వచ్చిందంటే ఎవరో ఒకరి ఇంటినుంచి మొక్కజొన్న పిండి వేసి చిక్కగా కాచిన మాంసం పులుసు గిన్నెడు వచ్చేది.

ఈ కుక్కలు ఆ ఇంటికి కొత్త కాదు. డొమితీలా అమ్మమ్మకి తల్లి, పెళ్ళై వచ్చినప్పుడు సొరకాయ బుర్రలో దూది వేసి అందులో ఒక ఆడ కుక్కపిల్లని తెచ్చుకుందట. దానిపేరు నెగ్రీతా. దాని కడుపున మూదా, మూదా కడుపున పరీనా, ఆ వరసలో ఇంకెన్నో తరాల తర్వాత కందేలా. ఇలా ప్రతి ఈతలోనూ వెంట్రుకల్లేని ఆడపిల్లల్లో గట్టిదాన్ని ఒక్కదాన్ని ఇంట్లో ఉంచుకుని, తక్కినవాటిని అడిగినవాళ్ళకి ఇచ్చేసేవారు. మనుషులకైతే ఇంటిపేర్లు మారిపోయాయి, అల్లుళ్ళు వచ్చారు, పోయారు. కుక్కలకి మాత్రం తల్లినుంచి కూతురికి వరస తెగకుండా వచ్చింది. కందేలా కూతురు చంకాకా.

డొమితీలాకి పిల్లలు లేరు. యవ్వనంలో ధాన్యం మిల్లులో మూటలు మోసేవాడొకడు మూడేళ్ళు ఆమెతో కాపురం చేశాడు. ఒకరోజు చిక్లాయోకి వెళ్ళి టోపీ కొనుక్కుని వస్తానని బయల్దేరాడు. ఆ టోపీ ఇప్పటికీ దొరికినట్టు లేదు. ఆమె తల్లి మంచాన పడ్డప్పుడు ఈమే చూసుకుంది, తల్లి పోయాక నడుముకి కట్టుకునే మగ్గం మీద గోధుమరంగు పత్తితో జోలెలు నేస్తూ బతికింది. ఆమె గురించి చెప్పుకోవడానికి ఇంతకుమించి ఏమీ లేదనే అనుకునేవారు అందరూ. అరవై ఆరేళ్ళ వయసులో ఆమెకి ఉన్న కోరిక ఒక్కటే: చంకాకా ఇంకొక్కసారి ఈని, ఒక్క ఆడపిల్లని ఇచ్చిపోవాలి.

ఇంకొక్కసారి అన్నది ఎందుకంటే, మూడో ఏట అది ఒకసారి ఈనింది. నాలుగు పిల్లలు. రెండిటికి ఒంటినిండా వెంట్రుకలు, మూడోది మగది, నాలుగోది అచ్చం తల్లి. నలభై రోజులు తిరగకుండా వాంతులు, నెత్తురు విరేచనాలు పట్టుకుని వారంలో నాలుగూ పోయాయి. డొమితీలా వాటిని పెరట్లో పాతిపెట్టి, "సరే, వచ్చే ఎదకి చూద్దాం," అంది. అప్పట్లో చంకాకా ఎద అంటే చర్చి గంటే. ఆర్నెల్లకోసారి, వారం అటూ ఇటూ. బియ్యం కొట్టువాడు ఇచ్చిన క్యాలెండర్ మీద డొమితీలా ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టేది. కానీ ఒంటికి బలం రావాలని ఒక ఎద వదిలేసింది. రెండోదానికి తనకే జ్వరం తగిలింది. ఆ తర్వాత క్యాలెండర్ మీద సున్నాలు చెదిరిపోయాయి.

అదంతా ఎర్మెలిందా లీమానుంచి వచ్చిన తర్వాతే మొదలైంది. కానీ ఆ రెండూ ముడిపెట్టి చూడాలన్న ఊహ అప్పుడు ఎవరికీ రాలేదు.

ఎర్మెలిందా ఎదురింటావిడ. ఆమె కూతురికి చర్చిలో బాప్తిస్మం నీళ్ళు పోయించినప్పుడు చేతుల్లో ఎత్తుకుని నిలబడింది డొమితీలాయే. అందుకని ఇద్దరూ ఒకరినొకరు "కొమాద్రే" అని పిలుచుకునేవారు. అక్కచెల్లెళ్ళకన్నా ఓ మెట్టు పైన. ఆ కూతురు లీమాలో కాపురం ఉంటే, ఎర్మెలిందా వెళ్ళి ఆర్నెల్లు ఉండి వచ్చింది. యాభై నాలుగేళ్ళ మనిషి, ముట్లుడిగిన కొత్త. ఉన్నట్టుండి ఒంట్లోంచి ఆవిర్లు లేచి, మెడా మొహమూ ఎర్రబడిపోయి, గొంగళి కప్పుకోవలసిన చలికాలంలో కూడా అట్టముక్కతో విసురుకునేది. దానికి తోడు తుంటినొప్పి. రోజూ పొద్దువాలే వేళకి వచ్చి చంకాకాని తీసుకెళ్ళి, రెండు చేతులా పొట్టకి హత్తుకుని, వాకిట్లో బల్లమీద కూర్చునేది.

"నీకున్న వేడికి ఈ కుక్క ఎందుకే కొమాద్రే? నిన్నే ఒకరి ఒళ్ళో కూర్చోబెట్టాలి," అనేది డొమితీలా.

"నా వేడి మెడకి పైన, నా చలి నడుముకి కింద. మధ్యలో ఉన్నదాన్ని నేనేం చెయ్యను?" అనేది ఎర్మెలిందా.

ఆ ఏడు మార్చిలో చంకాకాకి తోక కింద వాచింది. ఎద వచ్చిందనుకుని డొమితీలా సంబరపడింది. మోటారు రిక్షా మాట్లాడుకుని, కుక్కకి ఎండ తగలకుండా కొబ్బరినూనె రాసి, దుప్పట్లో చుట్టి, ఇయ్యీమో ఊళ్ళో ఉండే దోన్ విగ్బెర్తో ఇంటికి తీసుకెళ్ళింది. ఆయన దగ్గర సార్జెంటు అని ఓ మగకుక్క ఉంది. నల్లగా, నిటారుగా, పేరుకు తగ్గట్టే. సార్జెంటు వచ్చి వాసన చూశాడు, ఇంకోసారి చూశాడు, తుమ్మాడు, వెళ్ళి గాడిద నీడలో పడుకున్నాడు.

"అదేంటి దోన్ విగ్బెర్తో, మీవాడికి కళ్ళు నెత్తికెక్కాయా?"

"మావాడు ఇప్పటిదాకా ఎవరినీ కాదన్లేదు దోన్యా. మీదాన్ని అడగండి, ఏం తప్పు చేసిందో."

రెండు రోజులు అక్కడే ఉంచింది. చంకాకా కిందికి చతికిలబడింది, దగ్గరికొస్తే సగం పళ్ళ నోటితోనే గుర్రుమంది. మూడోరోజు రిక్షాలో తిరిగొస్తుంటే వీధి మొగలోనే ఎవరో అరిచారు: "ఏం దోన్యా డొమితీలా, పెళ్ళికూతురు అప్పుడే పుట్టింటికి వచ్చేసిందా?"

మళ్ళీ ఐదు వారాలకి అదే వాపు. మళ్ళీ రిక్షా. మళ్ళీ సార్జెంటు నీడ వెతుక్కున్నాడు. ఆపైన రెండు నెలలకి, ఆపైన ఇరవై రోజులకి. ఒకోసారి వాపు తగ్గనే తగ్గదు, నెలంతా అలాగే. ఒకోసారి చుక్కా రెండు చుక్కల ఎరుపు. పాలిచ్చే తల్లికిలా రొమ్ములు బిగిశాయి. నెత్తిమీది నాలుగు పోగులూ రాలిపోయాయి. క్యాలెండర్ నిండా ఎర్ర సున్నాలు, ఒకదానిమీద ఒకటి. ఏది ఎదో, ఏది కాదో డొమితీలాకే తెలియకుండా పోయింది. మగ్గం దగ్గర కూర్చుంటే చేతులు నేత నేస్తున్నా కళ్ళు కుక్క తోకమీదే.

"చూడమ్మా, నీకు ఏడో ఏడు వచ్చేస్తోంది," అని దానితోనే చెప్పుకునేది. "నేను తొందరపడట్లేదు. నువ్వు తొందరపడాలి."

ఈ గొడవంతా ఆలోచించి ఆలోచించి డొమితీలా ఒక సంగతి కనిపెట్టింది. ఆ వీధిలో పుట్టి పెరిగిన ఏ ఆడదైనా కనిపెట్టేదే అది. ఇన్నేళ్ళుగా చంకాకా అందరి ఎముకల్లోకీ తన వేడి పోసింది. ముసలివాళ్ళ మోకాళ్ళ చలంతా పీల్చుకుంది. ఆ చలి ఎక్కడికి పోతుంది? లోపలికే పోతుంది. గర్భసంచికి చలి పట్టేసింది. బాలింతలకి చలి పడితే నెలలు తప్పవూ? అలాగే ఇదీ.

వీధిలో ఎవరూ కాదన్లేదు. ఒకావిడ సదాపాకు ఆవిరి పట్టమంది, ఇంకొకావిడ ఇటుకరాయి కాల్చి గుడ్డలో చుట్టి కింద పెట్టమంది. అన్నీ చేసింది. ఆ తర్వాత ఒక ఆదివారం గుమ్మంలో నిలబడి అందరికీ చెప్పేసింది: ఇక కుక్కని ఎవరికీ ఇవ్వను, దాని వేడి దానికే కావాలి.

మోకాళ్ళు పట్టేసిన దోన్ నికాసియో కర్ర పొడుచుకుంటూ వచ్చి బతిమాలాడు.

"ఒక్క ఎడమకాలికి ఇయ్యి తల్లీ. కుడికాల్ని నేను సముదాయించుకుంటాను."

"మీ ఎడమకాలికి ఎనభై ఏళ్ళు. దానికి ఇంక ఈనేది లేదు. నా కుక్కకి ఉంది."

"అంత మాటన్నావా!" అని ఆయన నవ్వాడు కానీ, మళ్ళీ నెలదాకా ఆ గుమ్మం తొక్కలేదు. గుడ్లు రావడం మానేశాయి. సోమవారం గిన్నెలు కూడా.

ఒక్క మనిషికి మాత్రం అడ్డు చెప్పలేదు. ఎర్మెలిందా ఒంట్లో చలి లేదు, నిప్పుంది. ఆమె ఒళ్ళో పడుకుంటే కుక్క ఇవ్వడం కాదు, పుచ్చుకుంటుంది. పోయిన వేడి తిరిగి వస్తుంది. ఇదీ డొమితీలా లెక్క. కాబట్టి పొద్దువాలేక ఒక గంట ఉండేది కాస్తా, పొద్దుటే రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు అయింది. తనే తీసుకెళ్ళి ఎదురింట్లో దింపేది.

"చేతుల మధ్య గట్టిగా పెట్టుకో కొమాద్రే. పొట్టకి ఆనించు. శాలువా చుట్టినట్టు చుట్టుకో."

"నాకు చెమట్లు పోస్తున్నాయే బాబూ!"

"పొయ్యనీ. అదే కావాలి."

ఎర్మెలిందా ఏనాడూ విసుక్కోలేదు. ఆ కుక్కకి పిల్లలు పుడితే మొదటి పిల్లకి ఎర్మెలిందా పేరే పెడతానని డొమితీలా మాటిచ్చింది. అది తలుచుకుని ఆమె మురిసిపోయేది.

ఏడాదికోసారి పట్నంనుంచి పిచ్చికుక్క సూదులు వెయ్యడానికి వస్తారు. ఆసారి వచ్చిన పశువుల డాక్టరమ్మ చిన్నది, యెసేనియా అని. బడి వాకిట్లో బల్ల వేసుకుని వరసలో వచ్చిన కుక్కలకి సూది వేస్తూ, చంకాకా తోక ఎత్తి చూసి ఆగిపోయింది. ఎన్నాళ్ళనుంచి ఇలా అని అడిగింది. డొమితీలా క్యాలెండర్ తెచ్చి చూపించింది. ఆ ఎర్ర సున్నాలు చూసి డాక్టరమ్మ నవ్వలేదు.

"పెద్దమ్మా, మీ ఇంట్లో ఎవరైనా ముట్లుడిగాక వేడి తగ్గడానికి ఒంటికి రాసుకునే మందు వాడుతున్నారా? జెల్ అని ఉంటుంది, చేతులకి రాసుకుంటారు."

"మా ఇంట్లో నేనొక్కదాన్నే అమ్మా. నాకు అవన్నీ అయిపోయి పదిహేనేళ్ళు. నేను రాసుకునేది కర్పూరం నూనె, అదీ నడుముకి."

"ఇంకెవరూ లేరా?"

"దేవుడున్నాడు. ఆయన ఏం రాసుకుంటాడో నాకు తెలీదు."

వరసలో వెనకనున్నవాళ్ళు నవ్వారు. డాక్టరమ్మ కూడా ఈసారి నవ్వేసింది. ఒకసారి పట్నం తీసుకురండి, స్కానింగ్ తీద్దాం, అని కాగితం మీద రాసిచ్చింది. డొమితీలా ఆ కాగితాన్ని మడిచి మేరీమాత పటం వెనకాల పెట్టింది. అబద్ధం చెప్పలేదు ఆమె. ఇంట్లో ఎవరని అడిగితే ఇంట్లోవాళ్ళనే చెప్పింది. కుక్క పగలంతా ఎవరి ఒళ్ళో ఉంటుందన్నది ఆ పట్నం పిల్ల అడగలేదు, అడగాలని ఆ పిల్లకి తెలిసే వీలూ లేదు. పట్నంలో కుక్కని అరువు ఇచ్చుకోరు కదా.

మరుసటి ఏడు ఆగస్టులో చంకాకా నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. కుండెడు పోస్తే కుండెడూ తాగేది, మళ్ళీ ఖాళీ గిన్నె దగ్గరే నిలబడేది. పొట్ట గుండ్రంగా వచ్చింది. డొమితీలా మొహం వెలిగిపోయింది. ఆమధ్య సార్జెంటు ఒకసారి కాస్త మెత్తబడి మీద కాళ్ళు వేశాడు, అది నిలిచిందేమో! వీధంతా తిరిగి చెప్పింది. పాత దుప్పటి చింపి మూలన పక్క వేసింది. ఎర్మెలిందా వచ్చి పొట్ట నిమిరి, "కదుల్తున్నాయే!" అంది. కదిలింది ఏమిటో మరి.

నాలుగో రోజుకి తిండి మానేసింది. ఎప్పుడూ వెచ్చగా ఉండే ఒళ్ళు అప్పుడు కాలిపోతోంది. పక్కమీద చిక్కటి చీము, కుళ్ళిన వాసన. ఇద్దరాడవాళ్ళూ దాన్ని దుప్పట్లో ఎత్తుకుని, మోటారు రిక్షాలో, తర్వాత మినీబస్సులో, లంబాయెకె పట్నం చేరారు. దారంతా చంకాకా ఎర్మెలిందా చేతుల్లోనే ఉంది. అక్కడే దానికి అలవాటు మరి.

యెసేనియా ఒక్కసారి చెయ్యి వేసి చూసి, స్కానింగ్ బొమ్మ తీసి చెప్పింది. పిల్లలు లేవు. గర్భసంచి నిండా చీము. ఇప్పుడే తీసెయ్యాలి, లేకపోతే సాయంత్రానికి ఉండదు.

"సంచిలో చీముని మాత్రం తీసెయ్యండమ్మా. సంచి ఉంచండి."

"అలా కుదరదు పెద్దమ్మా."

"సంచి తీసేస్తే ఇంకెలా?"

డొమితీలా గోడకున్న మందుల బొమ్మలు కాసేపు చూసింది. వాటిలో ఒకదానిమీద తల్లికుక్క, దాని చుట్టూ ఆరు పిల్లలు. తర్వాత "కానివ్వండి," అంది.

బయట బల్లమీద ఇద్దరూ కూర్చున్నారు. ఎర్మెలిందాకి ఆవిర్లు వచ్చాయి. చొక్కా చేతులు పైకి మడిచి, అట్టముక్క లేక, అరచేత్తో విసురుకుంటోంది. అంతలో సంతకం కోసం బయటికొచ్చిన యెసేనియా ఆమె చేతులు చూసి ఆగింది.

"అమ్మా, మీరు ఏమైనా మందు వాడుతున్నారా?"

ఎర్మెలిందా శాలువా లాక్కుని చేతులు కప్పుకుంది. ఆ వీధిలో ఆమె అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. లీమాలో కూతురు చూపించిన డాక్టరు ఇచ్చాడు, రోజూ మోచేతి లోపలివైపు రాసుకోవాలి, రెండేళ్ళనుంచి. ముట్లుడిగిందని మందు రాసుకుంటున్నానని తెలిస్తే వీధిలో ఏమంటారోనని కూతురు పంపిన గొట్టాల్ని పిండి డబ్బాలో దాచుకునేది. చంకాకాని తీసుకునే ముందే రాసుకునేది, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఎందుకంటే ఒకసారితో ఆవిర్లు ఆగడం లేదని తనే పెంచుకుంది.

డాక్టరమ్మ ఆమె పక్కన కూర్చుంది. నెమ్మదిగా చెప్పింది. ఆ మందు చర్మంలోంచి లోపలికి పోతుంది, చర్మంమీదినుంచి పక్కదానికీ అంటుతుంది. వెంట్రుకలున్న కుక్కకి కూడా అంటుతుంది. దీనికి వెంట్రుకలే లేవు. అది ఒంట్లో ఎద తెచ్చినట్టు తెస్తుంది, కానీ ఎద కాదు. "ఇదే కారణమని నూటికి నూరు పాళ్ళూ చెప్పలేను," అని కూడా అంది. "వయసొచ్చిన కుక్కకి ఇది ఊరికే కూడా వస్తుంది."

ఎర్మెలిందా డొమితీలా వైపు చూడలేదు. డొమితీలాకి మాత్రం క్యాలెండర్ మొత్తం కళ్ళముందు నిలబడింది. మార్చి ఎర్ర సున్నా, ఐదు వారాల సున్నా, ఇరవై రోజుల సున్నా. ఆ తర్వాత రోజుకి నాలుగు గంటలు, తనే ఎత్తుకెళ్ళి, చేతుల మధ్య గట్టిగా పెట్టుకో అని చెప్పి మరీ.

"కొమాద్రే," అంది ఎర్మెలిందా చివరికి. "నువ్వు అడిగి ఉంటే చెప్పేదాన్ని."

"నేను అడగనిదేముంది నీ దగ్గర? నీ కోడి పెట్టిన గుడ్లు కూడా అడిగాను. ఇదొక్కటే అడగలేదు."

యెసేనియా లోపలికి వెళ్ళింది. చాలాసేపటికి చేతులు కడుక్కుని బయటికొచ్చి, కుక్క బతుకుతుందని చెప్పింది. డొమితీలా లేచి నిలబడి ఒక్కమాట అడిగింది.

"అందులో... ఒక్కటి కూడా లేదా? సరిగ్గా చూశారా?"

"చూశాను పెద్దమ్మా. ఒక్కటీ లేదు."

చంకాకా కోలుకుంది. కుట్లు మానాయి, వాపు పోయింది, రొమ్ములు వదులయ్యాయి. డొమితీలా దోన్ నికాసియోకి తనే కబురు పంపింది, కుక్కని తీసుకెళ్ళమని. ఇప్పుడు దాని వేడి దేనికోసమూ దాచక్కర్లేదు. వీధిలో అందరికీ మళ్ళీ ఇచ్చింది, అడిగిన వెంటనే, ఎంతసేపైనా. గుడ్లు వచ్చాయి, గిన్నెలు వచ్చాయి. వాటిని పుచ్చుకుని లోపల పెట్టేది. ఒకోసారి అవి అలాగే పాడైపోయేవి.

క్యాలెండర్ని గోడమీంచి తీసి పొయ్యిలో పెట్టింది. పక్క సర్దిన మూలలో మగ్గం పెట్టుకుంది. దోన్ విగ్బెర్తో ఒకసారి వచ్చి, సార్జెంటు పిల్లలున్నాయి వేరేదాని కడుపున, ఒకటి తీసుకోమన్నాడు. చూస్తానంది. చూడలేదు.

అక్టోబరులో ఒక సాయంత్రం ఎర్మెలిందా గుమ్మంలోకి వచ్చింది. రెండు నెలల్లో అదే మొదటిసారి రావడం. శాలువా కింద ఏదో వణుకుతోంది. తీసి చూపించింది. వెంట్రుకల్లేని పిల్ల, ఆడది, బూడిదరంగు, కళ్ళు బాగా విచ్చుకోనేలేదు. ఎక్కడో పకోరా అనే ఊరికి అవతల బంధువుల ఇంటినుంచి తెచ్చిందట, మూడు బస్సులు మారి.

"నీకోసం తెచ్చాను."

డొమితీలా అందుకుంది. తిరగేసి పొట్ట చూసింది, నోట్లో వేలు పెట్టి చిగుళ్ళు చూసింది. వెచ్చగానే ఉంది. మంచి పిల్లే. చంకాకా వచ్చి వాసన చూసి తోక ఊపింది.

"దీని తల్లి పేరేంటి?"

"అడగలేదు."

"తల్లికి తల్లి?"

"అడగలేదే కొమాద్రే. కుక్కే కదా అని..." అని నాలిక్కరుచుకుంది ఎర్మెలిందా.

"ఇది పదిహేనేళ్ళు బతుకుతుంది," అంది డొమితీలా. "ఇంకో ఐదేళ్ళకి నా చేతులు దువ్వెన కూడా పట్టవు. ఇది ఈనితే దాని పిల్లని ఎవరు ఉంచుకుంటారు? నాకెవరున్నారు?"

"నేనున్నాను."

డొమితీలా పిల్లని కాసేపు ఒళ్ళో ఉంచుకుని, వణుకు తగ్గాక, తన దుప్పటి ముక్కలో చుట్టి తిరిగి ఎర్మెలిందాకి అందించింది.

"నువ్వే పెంచుకో. చేతులకి ఆనించకు."

"ఆ మందు మానేశాను. ఆ రోజే మానేశాను, కొమాద్రే. మెడ మండిపోతోంది, అయినా మానేశాను."

"తెలుసు. మళ్ళీ మొదలుపెట్టుకో. ఇంకెవరికీ నష్టం లేదు."

ఎర్మెలిందా పిల్లని శాలువా కింద పెట్టుకుని వీధి దాటింది. డొమితీలా కాసేపు చూసి, తలుపు గడియ పెట్టి, మగ్గం నడుముకి కట్టుకుని కూర్చుంది. చంకాకా వచ్చి ఆమె కాళ్ళమీద పడుకుంది. ఆ జోలె ఎవరికోసం నేస్తోందని అడిగితే ఆమె చెప్పలేకపోయేది. దాన్ని ఎవరూ పురమాయించలేదు.